ప్రశ్నలు అడక్కుండా విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్

విండోస్ వేస్తుంటే భాష ఏది, కీబోర్డ్ ఏది, యూజర్ పేరేంటి అని సెటప్ అడుగుతూనే ఉంటుంది. ఒక్క సిస్టమ్‌కైతే సరే. పది సిస్టమ్‌లకైతే? అందుకే జవాబులన్నీ ముందే ఒక ఫైల్‌లో రాసి పెట్టేస్తాం. ఎక్స్‌పీ రోజుల్లో అది విన్‌ఎన్‌టీ.ఎస్ఐఎఫ్. ఎన్‌లైట్ టూల్‌తో సొంత సీడీలు చేసుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. విస్టా నుంచి ఆటోఅన్‌అటెండ్.ఎక్స్‌ఎంఎల్ వచ్చింది.

ముందు మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఐఎస్ఓ దించుకుని, రూఫస్‌తో పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి. ఫైల్ రాయడానికి ఏడీకే అనే ఉచిత కిట్‌లోని సిస్టమ్ ఇమేజ్ మేనేజర్ చాలు. ఐఎస్ఓలోని ఇన్‌స్టాల్.విమ్‌ని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుని ఇందులో ఓపెన్ చేయాలి. భాష, టైమ్‌జోన్, యూజర్ అకౌంట్ నింపి సేవ్ చేశాక ఫైల్‌ని ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా పెన్‌డ్రైవ్‌లో నేరుగా పెట్టండి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా సెటప్ దాన్ని పట్టించుకోదు.

అసలు జాగ్రత్త డిస్క్ దగ్గరే. విల్‌వైప్‌డిస్క్‌కి ట్రూ ఇచ్చి, డిస్క్ నంబర్ 0 అని రాస్తే, ఆ డిస్క్‌లో ఉన్నదంతా అడక్కుండానే పోతుంది. ఎస్ఎస్‌డీ, హార్డ్‌డిస్క్ రెండూ ఉన్న పీసీలో 0 ఏదో ముందే చెప్పలేం. మీ ఫోటోలున్నదే కావచ్చు! అందుకే నేను డిస్క్ భాగం అసలు రాయను. సెటప్ అక్కడ ఒక్కసారి ఆగి అడుగుతుంది, అడగనివ్వండి.

పాస్‌వర్డ్ కూడా అందులో పెట్టకండి. దాచినట్టు కనిపించినా అది ఉత్త ఎన్‌కోడింగే, ఎవరైనా విప్పేయొచ్చు. మొదటి ట్రయల్ మాత్రం వర్చువల్‌బాక్స్‌లోనే వేయండి.