ధర పడ్డ టమాటాను నిలబెట్టడం ఎట్లా? ఒరుగుల లెక్క, పద్ధతి, జాగ్రత్తలు

టమాటా కోసి ట్రేలలో పేర్చే పద్ధతి వీడియోలో చూశారు కదా. అందులో చెప్పడానికి టైం సరిపోని లెక్కలు, జాగ్రత్తలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఒక నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదివితే ఉపయోగం ఎక్కువ.

అసలు సమస్య ఏంటి?

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కూరగాయలు వేసేవాళ్లకు బోయిన్‌పల్లి మార్కెట్ కొత్త కాదు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి అందరి టమాటా ఒక్కసారే కాపుకొస్తుంది. ధర పడితే కోత కూలి, ఆటో కిరాయి, కమీషన్ పోను చేతిలో ఏమీ మిగలదు. అదే టమాటా 2023 జులైలో హైదరాబాద్‌లో కిలో వంద రూపాయలు దాటింది. పంట అదే, ఊరు అదే. మధ్యలో ఉన్నది నాలుగైదు నెలలు మాత్రమే.

బోయిన్‌పల్లి మార్కెట్‌లోనే మిగిలిపోయిన కూరగాయలతో కరెంటు తీసే ప్లాంటు ఉంది. హైదరాబాద్ ఐఐసీటీ టెక్నాలజీతో కట్టారు. సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు వస్తుందని చెప్తారు. 2021 జనవరిలో మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా దీని గురించి మాట్లాడారు. మంచి పనే, కాదనం. కానీ ఆ కరెంటులో రైతుకు వాటా లేదు. జీవామృతం పోసి, ఆచ్ఛాదన వేసి పండించిన కాయ అంతదాకా పోకుండా మన పొలం దగ్గరే ఆగాలి.

ద్రాక్ష సంగతి పెద్దవాళ్లను అడగండి. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట, కీసర అంటే ద్రాక్ష తోటలే. అనాబెషాహి, థామ్సన్ పందిళ్లు కనబడేవి. బోర్లలో నీళ్లు తగ్గాయి, కూలీలు దొరకలేదు, భూముల ధరలు పెరిగాయి. తోటలు పోయి ప్లాట్లు వచ్చాయి. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా తాస్‌గావ్ వైపు రైతులకు ద్రాక్షను ఎండబెట్టి కిస్‌మిస్ చేసే షెడ్లు ఉన్నాయి. పచ్చి కాయకు ధర లేకపోతే వాళ్లకు రెండో దారి ఉంది. మన దగ్గర ఎక్కువగా పచ్చి కాయగానే అమ్మారు. కిస్‌మిస్ షెడ్డు ఒక్కటే మన తోటలను కాపాడేదని నేను అనను. కానీ భూమి ఉంచాలా, అమ్మాలా అని ఊగిసలాడే రైతుకు రెండో దారి ఉండటం చిన్న విషయం కాదు.

రెండు పనులను విడదీయండి

ఈ పాఠంలో ముఖ్యమైన మాట ఇదే: నిలవ చేసే పని వేరు, తయారు చేసే పని వేరు.

మన నానమ్మలు ఎండాకాలంలో చింతపండుకు ఉప్పు పట్టించి కుండకెత్తేవాళ్లు. మామిడి ముక్కలు, కాకరకాయ చక్రాలు ఎండబెట్టి ఒరుగులు చేసేవాళ్లు. అప్పుడే వండేవాళ్లు కాదు. ముందు పాడుకాకుండా ఆపడం, అవసరమైనప్పుడు తీసి వండుకోవడం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చాలామంది ధర పడ్డ వారంలోనే మొత్తం కాయతో తొక్కు పెట్టేస్తారు. నూనె, కారం, వెల్లుల్లి, సీసాలు, అన్నింటికీ డబ్బు ఒకేసారి కావాలి. తొక్కు అమ్ముడుపోయేదాకా ఆ డబ్బు సీసాల్లోనే ఉంటుంది. అదే ఒరుగులుగా ఆపితే ఆ వారంలో అయ్యే ఖర్చు కూలి, ఉప్పు, డబ్బాలు, అంతే. తర్వాత ఆర్డరు వచ్చినప్పుడు టమాటా పొడి, రసం పొడి, తొక్కు, ఏది అడిగితే అది చేయొచ్చు.

ఇంకో లాభం ఉంది. అంతా ఒకేసారి చేస్తే ఊళ్లో ఆడవాళ్లకు ఇరవై రోజుల పని. విడదీస్తే ఏడాది పొడుగునా పని: ఫిబ్రవరి, మార్చిలో టమాటా ఎండబెట్టడం, ఏప్రిల్, మేలో మామిడి ఒరుగులు, వడియాలు, వానల్లో పొడులు దంచడం, ప్యాకింగ్, మధ్యలో మునగాకు. ఏడాదంతా పని ఉంటేనే మనిషి నిలబడుతుంది. లేకపోతే పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కుతుంది. అందులో ఆమె తప్పేం లేదు.

లెక్క

టమాటాలో నూటికి సుమారు 94 పాళ్లు నీళ్లే. అంటే 100 కిలోల్లో అసలు పదార్థం 6 కిలోలు. ఒరుగుల్లో 10 శాతం తేమ ఉంచితే దాదాపు 6.7 కిలోలు రావాలి. తొడిమలు, దెబ్బ తిన్న కాయలు తీసేస్తే 6 కిలోలు అనుకోండి. కిలో ఒరుగులకు సుమారు 17 కిలోల కాయ.

ఇప్పుడు ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. మీ ఊరి రేట్లు పెట్టి మళ్లీ మీరు వేసుకోండి.

- కాయ కిలో 5 రూపాయలు అనుకుంటే: 17 × 5 = 85
- 100 కిలోలు కడిగి, కోసి, పేర్చడానికి ఇద్దరికి ఒక రోజు, మనిషికి 500 అనుకుంటే 1000. ఆరు కిలోలకు పంచితే కిలోకు దాదాపు 170
- ఉప్పు, డబ్బాలు, ప్యాకింగ్, రవాణా కలిపి 100 అనుకుంటే

మొత్తం 355 రూపాయలు. దీంట్లో కాయ ఖర్చు కంటే పని ఖర్చు రెట్టింపు ఉంది. అంటే మనం అమ్మేది ఎక్కువగా మనుషుల పనిని. కాయ 20 రూపాయలైతే కాయకే 340 అవుతుంది, మొత్తం 610 అవుతుంది. అందుకే ధర బాగున్నప్పుడు పచ్చి కాయే అమ్ముకోండి. ధర పడ్డప్పుడే ట్రేలు దించండి. మంచి కాయ మార్కెట్‌కు, సైజు తక్కువది ఒరుగులకు. కుళ్లు పట్టింది మాత్రం కంపోస్టుకే, ఒరుగులకు వద్దు.

ఎండబెట్టే పద్ధతి

1. బాగా పండి గట్టిగా ఉన్న కాయ తీసుకోండి. నీళ్లలో రెండుసార్లు కడిగి ఆరబెట్టండి.
2. అర సెంటీమీటరు మందంలో చక్రాలు కోయండి. అన్నీ ఒకే మందం ఉండాలి. లేకపోతే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి.
3. కిలోకు 10 నుంచి 20 గ్రాముల ఉప్పు చల్లి, ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చండి.
4. సోలార్ డ్రయర్‌లో 55–60 డిగ్రీలు చాలు. మంచి ఎండలో దాదాపు రెండు రోజులు పడుతుంది. డ్రయర్ లేకపోతే మంచం మీద బట్ట పరిచి, పైన పల్చటి బట్ట కప్పి మూడు నాలుగు రోజులు ఎండబెట్టండి. రాత్రి లోపలికి తెచ్చుకోవాలి.
5. ముక్క విరిస్తే పటుక్కున విరగాలి. వంగితే ఇంకా తేమ ఉన్నట్టే.
6. చల్లారాక గాలి చొరని డబ్బాలో వారం ఉంచి రోజూ ఒకసారి కదపండి. డబ్బా లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎండకు పెట్టండి. ఈ వారం ఓపిక పట్టకపోతే వానల్లో బూజు వస్తుంది.

మునగాకు, కరివేపాకు నేరుగా ఎండలో పెట్టకండి, రంగు పోతుంది. నీడలో గానీ డ్రయర్‌లో తక్కువ వేడి మీద గానీ ఆరబెట్టండి.

ఒక్క హెచ్చరిక

టమాటా గుజ్జు ఉడికించి సీసాల్లో బిగించి అమ్మే పని ఇంట్లో అంచనాతో చేయకండి. పీహెచ్ 4.6 కంటే ఎక్కువ ఉన్న గుజ్జును గాలి లేకుండా మూస్తే ప్రాణం తీసే విషక్రిమి పెరిగే అవకాశం ఉంది. టమాటా సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఉంటుంది. ఒక్కో రకం కొంచెం దాటుతుంది కూడా. పీహెచ్ మీటరు, శిక్షణ లేకుండా ఆ పని వద్దు. రసాయన ప్రిజర్వేటివ్ వాడని మనలాంటివాళ్లకు ఎండబెట్టడమే భద్రమైన మొదటి మెట్టు.

కాగితాలు, సాయం

- అమ్మకానికి పెట్టే ముందే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించండి. ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. పేరు, దినుసులు, బరువు, బ్యాచ్, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, ధర, అడ్రసు, పచ్చ చుక్క కూడా.
- సర్టిఫికెట్ లేకుండా ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని రాయకండి. రైతులు గ్రూపుగా తీసుకునే పీజీఎస్ ఇండియా సర్టిఫికెట్ చిన్న రైతుకు అందుబాటులో ఉంటుంది.
- 2020లో మొదలైన పీఎంఎఫ్ఎంఈ పథకంలో బ్యాంకు లోనుతో పెట్టే చిన్న యూనిట్లకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. ఆహార తయారీ చేసే మహిళా సంఘాల్లో సభ్యురాలికి 40 వేల దాకా మూలధనం కూడా పెట్టారు. దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మండల మహిళా సమాఖ్యలో కనుక్కోండి.
- నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. రాజేంద్రనగర్ ఎన్ఐఆర్‌డీలో రూరల్ టెక్నాలజీ పార్కు ఉంది. మైసూరు సీఎఫ్‌టీఆర్ఐకి హబ్సిగూడలో కేంద్రం ఉంది. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద పోతే ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన యూనివర్సిటీ ఉంది.

ఎంతతో మొదలుపెట్టాలి?

మొదటి ఏడాది 50 కిలోల కాయ చాలు. మూడు కిలోల ఒరుగులు వస్తాయి. సగం ఒరుగులుగా, సగం పొడిగా చేసి వంద గ్రాముల ప్యాకెట్లు కట్టండి. మీ దగ్గర కూరగాయలు కొనే ఇళ్లకే ముందు ఇవ్వండి. ఊరికే ఇవ్వకండి, తక్కువైనా ధర పెట్టి ఇవ్వండి. రెండోసారి ఎవరు అడిగారో రాసి పెట్టుకోండి. ఆ రెండోసారి అడిగినవాళ్ల సంఖ్యను బట్టి వచ్చే ఫిబ్రవరికి ఎన్ని ట్రేలు కావాలో తేల్చుకోండి. డ్రయర్, లోను, షెడ్డు గురించి ఆలోచన ఆ తర్వాతే.