ముందు పప్పు అడగండి

అమీర్‌పేటలో కోర్సు చేసే రోజుల్లో నా గదిలో భీమవరం నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉండేవాడు. కొత్త మెస్సుకి వెళ్తే స్పెషల్ ఏముందని అడిగేవాడు కాదు. కూర్చోగానే పప్పు వేయించుకుని, నెయ్యి పడకముందే వేడన్నంలో కలిపి ఒక ముద్ద తినేవాడు. తిన్నాక "ఇక్కడే తిందాం తమ్ముడూ" అనేవాడు, లేదంటే "రేపట్నుంచి పక్క వీధి" అనేవాడు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లుగా హైదరాబాద్‌లో బయట తింటున్నాను. ఆయన నేర్పిన పరీక్ష ఇప్పటికీ తప్పలేదు.

చికెన్ ఫ్రైని, పనీర్‌ని మసాలాతో, రంగుతో నెట్టుకురావచ్చు. పప్పులో అలా కుదరదు. మెత్తగా ఉడికిన కందిపప్పు గరిటెతో వేస్తే అన్నం మీద కాసేపు నిలిచి, మెల్లగా జారుతుంది. నీళ్లొక పక్క, పప్పొక పక్క విడిపోయాయంటే జనం ఎక్కువయ్యారని మధ్యలో నీళ్లు కలిపారన్నమాట. తాలింపులో వెల్లుల్లి ఎర్రగా వేగిందా, మాడిందా అన్నది వాసనే చెప్తుంది. పైసా లాభం మిగలని పప్పు మీద అంత శ్రద్ధ పెట్టే మనిషి వంకాయ కూరనీ పాడుచెయ్యడు. పప్పు తర్వాత చారు తాగి చూడండి. మిరియాల, ధనియాల వాసన రావాలి. నిన్నటి సాంబారు రుచి తగిలితే లేచిపోవచ్చు. చివరిది పెరుగు. నీళ్లలా పలచగా ఉన్నా, బాగా పులిసిపోయినా ఆ మెస్సు నెలకి సరిపడే చోటు కాదు.

నెల అన్నాను కాబట్టి టోకెన్ల సంగతి. నేనొకసారి మొదటి రోజు భోజనానికే మురిసిపోయి నెల టోకెన్లు ఒకేసారి కొన్నాను. రెండో వారంలో వంటమాస్టర్ మానేశాడు. అప్పటి నుంచి పప్పు, చారు రెండూ ఒకే రుచి. డబ్బు వెనక్కి రాలేదు. ముందు పది టోకెన్లే కొనండి. సోమవారం ఒకసారి, శనివారం ఒకసారి తిని చూశాక మిగతావి తీసుకోండి. వంటమాస్టర్ మారితే మెస్సు మారినట్టే.

హోటల్ ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే ముఖ్యం. మీల్స్‌కి పన్నెండుంపావు నుంచి ఒంటిగంట లోపల వెళ్లగలిగితే అన్నం పొగలు కక్కుతుంది, కూరలు అప్పుడే దించినవి ఉంటాయి. రెండున్నర దాటాక అడుగంటిన అన్నం, మళ్లీ వేడిచేసిన కూర వస్తే వడ్డించేవాళ్ల తప్పేం లేదు. మీ లంచ్ ఆలస్యమైతే మీల్స్ ఆశ వదిలి, అప్పటికప్పుడు పెనం మీద వేసే దోసెకో, పెసరట్టుకో వెళ్లండి. నైట్ షిఫ్ట్ వాళ్లకి తెల్లవారుజామున నాంపల్లి రామ్ కీ బండి దోసె ఉంది. పొద్దున్నే నహారీ కావాలంటే పాతబస్తీకి వెళ్లాల్సిందే. చార్మినార్ పక్కన నిమ్రాలో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఇప్పటికీ కొద్ది డబ్బుతో దొరికే గొప్ప సుఖం.

బయట మూకుడు కనిపించే టిఫిన్ సెంటర్‌లో పూరీ తీసుకునే ముందు నూనె చూడండి. నల్లబడి, నురగ కట్టి, సన్న మంటకే పొగ వస్తుంటే అది మళ్లీ మళ్లీ కాచిన నూనె. వేయించగా వేయించగా నూనెలో పేరుకునే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. మనం కొలవలేం. కానీ రంగూ వాసనా చాలావరకు చెప్తాయి. అలాంటిచోట ఇడ్లీ తినండి.

గదిలో చిన్న రైస్ కుక్కర్ ఉన్నవాళ్లకి ఈ ఊళ్లో కర్రీ పాయింట్‌ని మించిన బేరం లేదు. అన్నం మీరు వండుకోండి. పప్పు ఒకటి, వేపుడు ఒకటి, సాంబారు ఒకటి తెచ్చుకుంటే ఇద్దరికి సరిపోతుంది. సాయంత్రం ఏడు లోపు వెళ్లి, "మధ్యాహ్నందా, ఇప్పుడు చేసిందా?" అని అడగండి. నిజం చెప్పే కొట్టుని వదులుకోకండి. ఒక్క మాట గట్టిగా చెప్తాను: సలసల కాగే సాంబారుని పలచటి ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవద్దు. ఆఫీసు బ్యాగులో ఒక స్టీలు డబ్బా పెట్టుకుంటే ఎంత బరువని?

ఏసీ రెస్టారెంట్‌కి వెళ్లిన రోజు బిల్లు చదవండి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, ఏసీ ఉన్నా లేకపోయినా. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న హోటల్ కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యకూడదు. సర్వీస్ ఛార్జి దానంతటదే బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టూ సమర్థించింది. మర్యాదగా "ఇది తీసెయ్యండి" అనండి. ఒప్పుకోకపోతే ఫిర్యాదుకి 1915 నంబర్ ఉంది. టిప్పు ఇవ్వదలిస్తే వడ్డించినాయన చేతికే ఇవ్వండి. డెలివరీ యాప్‌లో ఆర్డర్ పెట్టే ముందు అదే హోటల్ మెనూ కార్డుతో ధర ఒకసారి పోల్చి చూడండి. చాలాచోట్ల యాప్‌లో ఎక్కువ ఉంటుంది, పైన ప్యాకింగూ డెలివరీ ఛార్జీలూ. పది నిమిషాల నడక దూరమైతే వెళ్లి తెచ్చుకోండి.

ఉద్యోగం పోయి ఇంకోటి వెతుక్కుంటున్నవాళ్లు ఇది చదువుతూ ఉండొచ్చు. జీహెచ్‌ఎంసీ 2014లో అన్నపూర్ణ పేరుతో 5 రూపాయల భోజనం మొదలుపెట్టింది. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. అక్కడ వరసలో ఆటోడ్రైవర్లుంటారు, పరీక్షలకి చదివే పిల్లలుంటారు, ఇంటర్వ్యూ ఫైలు పట్టుకున్నవాళ్లూ ఉంటారు. నేనూ నిలబడ్డాను. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, సాంబారు వేడిగా ఉంటుంది. మధ్యాహ్నం తొందరగా వెళ్లండి, అయిపోతుంది.