"ఎందుకు ప్రభువా" అంటే తప్పా?

చెల్లీ, ఆ ప్రశ్న నువ్వొక్కదానివే అడగడం లేదులే. "దేవుడు మంచివాడైతే నాకీ కష్టం ఎందుకు రానిచ్చాడు?" అని పైకి అనలేక, ప్రార్థన కూడికలో స్తోత్రం చెబుతూ లోపల్లోపల కుమిలిపోయే అక్కచెల్లెళ్లు మన బర్కత్‌పుర, నారాయణగూడ ఇళ్లల్లో ఎంతమందో. అడిగితే విశ్వాసం తగ్గిందనుకుంటారేమోనని భయం. ఆ భయం అక్కర్లేదు. కీర్తనల గ్రంథం తీసి చూడు, 150లో దాదాపు మూడోవంతు మొరలే. 88వ కీర్తన అయితే చీకట్లోనే ముగిసిపోతుంది. సిలువ మీద యేసు ప్రభువే తండ్రిని "ఎందుకు" అని అడిగాడు. ఇక మనమెంత!

నాకు ఒళ్లు మండేది ప్రశ్నకు కాదు, పరామర్శకొచ్చి చెప్పే జవాబులకి. "ఏదో దాచుకున్న పాపం ఉండుంటుంది, ఒప్పుకో." "నీ విశ్వాసం చాల్లేదు." కీమో చేయించుకుని వచ్చి పడుకున్న మనిషి దగ్గరా ఈ మాటలు!

కష్టానికి పాపమే కారణమంటారా, మన హైదరాబాద్ సంగతే చూడు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఇక్కణ్ణించి కాచిగూడ దాటితే చాదర్‌ఘాట్, నది మనకంత దగ్గర. దాదాపు 15 వేలమంది పోయారని అంచనా. ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. మరి కొమ్మ అందినవాళ్లు నీతిమంతులు, అందనివాళ్లు పాపులూనా? లూకా 13లో ఇలాంటి సంగతే ఉంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు. వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే ఎక్కువ పాపులేం కాదని ప్రభువు తేల్చేశాడు. మారుమనసు మాట తెచ్చాడు గానీ, అది పోయినవాళ్ల గురించి కాదు, ఎదురుగా నిలబడి వింటున్నవాళ్లకి!

ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఊరికి మేలే. అలాగని ఆ చెరువుల కోసమే దేవుడు వరద పంపాడని మాత్రం అనొద్దు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఆ మాట అనగలమా?

ఇంకో సంగతి. భర్త తాగొచ్చి కొడుతుంటే "శోధనమ్మా, ఓర్చుకో" అనే పెద్దలున్నారు. దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, వాడు దాన్ని చెడగొట్టాడు. అది వాడి పాపం. నువ్వు ఓర్చుకోవాల్సిన పని లేదు, సాయం అడుగు, అవసరమైతే పోలీసుల దగ్గరికీ వెళ్లు. కానీ వరదకీ, పసిపిల్లల జబ్బుకీ ఈ జవాబు సరిపోదు. సరిపోతుందని నేను నటించను.

యోబుకైనా కారణం చెప్పాడా దేవుడు? నాలుగు అధ్యాయాలు మాట్లాడాడు, భూమి పునాదుల గురించీ, అడవి మేకల గురించీ. కారణం ఒక్క ముక్క లేదు. కానీ వచ్చాడు, మాట్లాడాడు. చివరికి కోప్పడింది కూడా అడిగిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న స్నేహితుల మీద. వాళ్లు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నన్నాళ్లూ బాగానే ఉన్నారు పాపం! లాజరు సమాధి దగ్గర యేసు ఏం చేశాడు? కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. నా విశ్వాసం నిలబడింది ఆ కన్నీళ్ల మీదే, వివరణల మీద కాదు.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్లూ, ఈ వారం ఎవరింటికైనా పరామర్శకు వెళ్తే కారణాలు మోసుకెళ్లకండి. కాస్త అన్నం, పప్పు పట్టుకెళ్లండి. వాళ్లు ఏడిస్తే ఏడవనివ్వండి. లేచేముందు "రేపు ఆస్పత్రికి నేను తోడు రానా?" అని అడగండి, అడిగాక నిజంగానే తోడు వెళ్లండి.