ఆ గీత నిజంగా దానిదేనా?

పొదిలిలో బీఎస్సీ చదివే పిల్లల్ని తర్వాతేంటని అడిగితే ఎక్కువగా వినిపించేవి మూడు మాటలు: బీఈడీ, గ్రూప్స్, బ్యాంకు. మూడూ మంచివే. కానీ జువాలజీనో కెమిస్ట్రీనో ఇష్టపడి చదివినవాళ్లు కూడా పరిశోధన ల్యాబులు మనకు అందవని ముందే పక్కన పెట్టేస్తుంటే బాధేస్తుంది. అందుకే ఈసారి ఒక చిన్న సీసా గురించి చెబుతాను.

అందులో ఉండేది నూరు మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలు. ధర చాలాసార్లు పాతిక, ముప్పై వేల రూపాయలు. అది కాస్పేజ్-3 అనే ఎంజైమును గుర్తుపట్టే యాంటీబాడీ. కాస్పేజ్-3 ప్రొటీన్లను తెగ్గొట్టే కత్తి. మామూలు రోజుల్లో ఒరలోనే ఉంటుంది. అప్పుడు దాని బరువు దాదాపు 35 కిలోడాల్టన్లు. కణం చచ్చిపోవాల్సిన వేళ వస్తే అదే తెగి, 19, 17 కిలోడాల్టన్ల ముక్కలై పనిలోకి దిగుతుంది. క్యాన్సర్ మందు కణాలను నిజంగా చంపుతోందా అని చూసేవాళ్లు వెతికే గుర్తుల్లో ఆ చిన్న ముక్క ఒకటి.

వెతికే పద్ధతి పేరు వెస్టర్న్ బ్లాట్. కణాల్లోంచి తీసిన ప్రొటీన్లను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు కలిపి 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు కాస్తారు. జెల్ గడుల్లో పోసి కరెంటు పెడితే చిన్నవి త్వరగా దిగుతాయి, పెద్దవి వెనకబడతాయి. వాటిని పలుచని మెంబ్రేన్ మీదికి ఎక్కించి, పాలపొడి కలిపిన ద్రావణంలో గంటసేపు ఊపుతారు. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములు, మన వంటింటి లెక్కే! పాలలోని కేసిన్ ఖాళీ జాగాలను కప్పేస్తే యాంటీబాడీ కనబడ్డ చోటల్లా అంటుకోదు. ఇక 10 మిల్లీలీటర్లలో 10 మైక్రోలీటర్ల యాంటీబాడీ కలిపి, 4 డిగ్రీల చలిలో రాత్రంతా ఉంచుతారు. మర్నాడు కడిగి, రెండో యాంటీబాడీ వేసి, వెలుగు పుట్టించే ద్రావణం పోసి ఫొటో తీస్తే తెల్లటి మెంబ్రేన్ మీద నల్ల గీతలు తేలుతాయి. మార్కాపురం పలక మీద బలపం గీతకు రంగులు తిరగేసినట్టు ఉంటుంది.

గీత కనిపించగానే సంబరపడితే సరిపోదు. అది నిజంగా ఆ ఎంజైముదేనా? ఆ ఎంజైమే లేకుండా చేసిన కణాల్లో గీత మాయమైందా? అన్ని గడుల్లోనూ ప్రొటీన్ సమానంగా పడిందని యాక్టిన్ అనే మరో ప్రొటీన్ గీత చూసి నిర్ధారించుకున్నారా? ఇంటర్వ్యూకి వెళ్తే పద్ధతి అప్పజెప్పడం దగ్గర ఆగకండి. ఈ మూడింటికీ జవాబు చెప్పగలిగినవాళ్లు వేరేగా కనిపిస్తారు.

ఎంజైమును తీసేసి చూడాలన్న ఈ ఆలోచన ఎంత దూరం తీసుకెళ్తుందో హైదరాబాద్ సీసీఎంబీలో చూడొచ్చు. అక్కడ మంజులా రెడ్డి బృందం ఈ-కొలై బ్యాక్టీరియా గోడ మీద పనిచేసింది. బ్యాక్టీరియా పెరగాలంటే గోడ అల్లికను అక్కడక్కడా తెంపి కొత్త పోగులు చేర్చాలి. తెంపే ఎంజైముల్లో ఒకటి ఎంఈపీఎస్. అది శ్రుతి మించితే గోడకే ముప్పు. మరి దాన్ని అదుపులో పెట్టేదేమిటి? పీఆర్‌సీ అనే ప్రొటీన్ ఖండించే ఎంజైము, దానికి తోడుగా ఎన్ఎల్‌పీఐ. ఇవి లేని బ్యాక్టీరియాలో ఎంఈపీఎస్ పేరుకుపోతుందని వాళ్లు 2015లో ప్రచురించారు. "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని అడిగి, తీసేసి చూశారు. బ్యాక్టీరియా గోడ పరిశోధనలకే 2019లో ఆమెకు ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది.

ఇక దారి. డిగ్రీ చివరి ఏడాదిలో ఎంఎస్సీ ప్రవేశ పరీక్షలైన ఐఐటీ జామ్ బయోటెక్నాలజీ పేపరు, జీఏటీ-బీ, సీయూఈటీ-పీజీ మీద కన్నేయండి. జామ్‌లో ఇంటర్ స్థాయి గణితం, ఫిజిక్స్ కూడా ఉంటాయి. బైపీసీ పిల్లలు తడబడేది ఇక్కడే, కాబట్టి మొదలుపెట్టాల్సిందీ ఇక్కడే. ల్యాబులో ప్రతి పూటా వేసే డైల్యూషన్ లెక్కలకూ ఆ గణితమే కావాలి. ఎంఎస్సీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. 2023 జనవరి నుంచి ఇదే లెక్క.

పీహెచ్‌డీ వద్దనుకుంటే శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకాల, బయోటెక్ కంపెనీలున్నాయి. క్వాలిటీ కంట్రోల్‌లో ఎలైసా, బ్లాట్ చేతికి వచ్చినవాళ్లకు పనుంటుంది. మొదటి జీతం చూసి నిరాశపడొద్దు. రెండేళ్ల చేతి అనుభవం తర్వాత మాట మారుతుంది. ఎంఎల్‌టీ చదివినవాళ్లకు పెద్దాసుపత్రుల పాథాలజీ ల్యాబుల్లో కణజాలం ముక్కల మీద ఇలాంటి యాంటీబాడీలే వాడే పని దొరుకుతుంది.

డిగ్రీ పిల్లలకు అందే మరో తలుపు ఉంది. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలు కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తాయి. రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, స్టైపెండ్, రానుపోను ఖర్చులు. దరఖాస్తుతోపాటు ఏం చేయాలనుకుంటున్నారో చిన్న వ్యాసం రాయాలి. ఇంటర్నెట్‌లో దొరికిన పేరాలు అతికించకండి. మీకు తోచిన ఒక్క ప్రశ్న రాయండి. దాన్ని పరీక్షించడానికి ఏ గీత కోసం చూస్తారో రాయండి. ఆ గీత తప్పని తేలాలంటే ఏ గడిలో ఏం కనిపించాలో కూడా రాయండి.