పొలిమేర దాటిన మూడు చక్రముల బండి

అనంతపురము జిల్లాలో ఉరవకొండకు సమీపమున వజ్రకరూరు అను గ్రామము కలదు. తొలకరి జల్లు కురిసి నేల తడిసినంతనే ఇచటి చేలలో జనులు నడుము వంచి మట్టిని పరికించుచు తిరుగుదురు. వజ్రములకు మూలమైన కింబర్లైటు శిలలు ఈ ప్రాంతపు భూగర్భమున కలవు. వాననీటికి పైమన్ను కొట్టుకొనిపోగా ఎప్పుడో యొకప్పుడు ఒక రాయి తళుక్కుమనును. అది కంటబడువాడు కోటికొక్కడు. తక్కినవారికి కూడు పెట్టవలసినది వేరుసెనగ పంటయే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ జిల్లాలో ఆ పంటయు నమ్మదగినది కాదు. వరుసగా రెండు మూడేండ్లు పైరెండిన రైతులలో కొందరు అప్పు చేసి ఆటో కొనుచుందురు. ఎద్దులబండి తోలిన చేతులకు మూడు చక్రముల బండి తోలుట గొప్ప కష్టము కాదు. కష్టమంతయు కాగితములలో నున్నది.

ఈ సీమవారికి బళ్ళారి పరాయి ఊరు కాదు. 1882 వఱకు అనంతపురము ప్రాంతము బళ్ళారి జిల్లాలోనిదే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటక మని పేరు వచ్చెను. పటములో గీత పడెను గాని పెండ్లిండ్లు, సంతలు, జాతరలు ఆ గీతను లెక్కచేయలేదు. నేటికిని ఉరవకొండ, విడపనకల్లు మీదుగా జనము అటునిటు పోవుచునే యున్నారు.

వజ్రకరూరి రైతొకడు తన ఆటోలో ఎనిమిదిమందిని ఎక్కించుకొని, పొలిమేర కావలనున్న చెళ్ళగుర్కి ఎర్రితాత దర్శనమునకు తీసికొనిపోవుచున్నాడనుకొనుడు. వెనుకనే అతని తమ్ముడు భార్యతో మోటారు సైకిలుపై వచ్చుచున్నాడు. కర్ణాటక సరిహద్దులో రవాణా శాఖ అధికారి చేయెత్తి బండి నాపెను. ఆయనకు తెలుగు బాగుగనే వచ్చును. బళ్ళారి సీమలో అది వింత కాదు.

"ఏమప్పా, లైసెన్సు ఉందా?"

"ఉంది సామీ, అనంతపురంలో తీసుకున్నది. ఇక్కడ చెల్లుతుందో లేదో!"

"దేశమంతా చెల్లుతుంది. నీ పర్మిటు ఏదీ?"

రైతు నోట మాట రాలేదు. అతని యొద్ద పర్మిటు లేకపోలేదు. కాని అది స్వరాష్ట్రములో, అందునను నిర్ణయించిన మేర వఱకే పనికివచ్చునది.

లైసెన్సు దేశమంతట చెల్లుటయు, పర్మిటు పొలిమేర కడ ఆగిపోవుటయు పలువురకు వింతగా తోచును. లైసెన్సు మనుష్యుని నేర్పునకు సాక్ష్యము. విడపనకల్లులో బండి తోలనేర్చినవాడు బళ్ళారిలో ఆ విద్య మఱచిపోడు. కావుననే 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము, ఏ రాష్ట్రమున నిచ్చిన లైసెన్సైనను భారతదేశమంతట చెల్లునని చెప్పినది. పర్మిటు అట్టిది కాదు. అది కిరాయికి జనులను చేరవేయు వ్యాపారమున కిచ్చిన అనుమతి. ఏ దారిని ఎన్ని బండ్లు తిరుగవలెనో నిర్ణయించుట ఆయా రాష్ట్రముల రవాణా అధికారుల పని. మన రాజ్యాంగములో మోటారు వాహనముల సంగతి కేంద్రమునకును రాష్ట్రములకును ఉమ్మడియైన జాబితాలో నున్నది. వాహనములపై పన్ను మాత్రము రాష్ట్రముల జాబితాలో నున్నది. అందుచే ఒక రాష్ట్రమిచ్చిన పర్మిటుపై రెండవ రాష్ట్రపు అధికారి మేలుసంతకము చేసినగాని, లేక ఆ రెండు రాష్ట్రములకు తగిన ఒడంబడిక యున్నగాని, అది ఆవలి నేలపై చెల్లదు. పర్మిటు లేక తిరిగినచో ఆరు నెలల వఱకు చెఱయు, పదివేల రూపాయల జుల్మానాయు విధింపవచ్చునని 2019 నాటి సవరణ చెప్పుచున్నది.

లైసెన్సు విషయమునను చిక్కులు లేకపోలేదు. కిరాయి బండి తోలుటకు ఇరువదియేండ్లు నిండవలెను. రవాణా వాహనమునకు ప్రత్యేకముగా అనుమతి వ్రాయించుకొనవలెనా యను తగవు చాలకాలము నడచెను. తేలిక మోటారు వాహనపు లైసెన్సు గలవాడు 7,500 కిలోలు మించని రవాణా వాహనమును తోలవచ్చునని సర్వోన్నత న్యాయస్థానము 2017లో చెప్పెను. ఆ మాటనే 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము స్థిరపఱచెను. ఈ తీర్పుతో బీదలైన డ్రైవర్లెందఱో ఊపిరి పీల్చుకొనిరి.

ఇంతలో అధికారి బండిలోనికి తొంగిచూచెను. నమోదు పత్రములో ముగ్గురు ప్రయాణికులని యున్నది, కూర్చున్నవారు ఎనమండుగురు. అధికముగా ఎక్కిన ఒక్కొక్కనికి రెండువందల చొప్పున వేయి రూపాయలు కట్టవలెను. అంతే కాదు, అధికులు దిగి వేఱు బండి చూచుకొనువఱకు ఆటో కదలరాదు. ఈ నిబంధన కఠినమని గొణుగువారు ఒక్క సంగతి తలపవలెను. 2022 ఫిబ్రవరి 6న ఉరవకొండ సమీపమున, బళ్ళారిలో పెండ్లి చూచి మరలుచున్న కారును లారీ ఢీకొనగా తొమ్మిదిమంది మరణించిరి. నాలుగు చక్రముల ఇనుప బండియే అట్లు నుజ్జుకాగా, గుడ్డతెర గల మూడు చక్రముల బండి గతి యేమి?

అట్టి యాపద కిరాయి బండికి కలిగినప్పుడు పర్మిటు విలువ తెలియును. పర్మిటు లేని బండి ప్రమాదము చేసినచో, భీమా కంపెనీ బాధితులకు ముందు పరిహార మిచ్చి, పిదప ఆ సొమ్మును బండి యజమాని యొద్ద రాబట్టుకొనవచ్చునని 2018లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆటో కొన్న అప్పే తీరని రైతు, లక్షల పరిహారమును ఎక్కడినుండి తెచ్చును? మిగిలిన మడిచెక్కయు పోవును.

తమ్ముని సంగతి వేఱు. అతని తలపై శిరస్త్రాణము లేదు, భార్య తలపైనను లేదు.

"అన్న తలకూ లేదు గదా సామీ! అతన్ని అడగరేం?" అని అతడు వాదించెను.

ప్రశ్న మంచిదే. చట్టము శిరస్త్రాణమును మోటారు సైకిలునకే విధించినది. మోటారు సైకిలనగా రెండు చక్రముల బండి. దాని ప్రక్కన ఊడదీయదగిన తొట్టి నొకదానిని మూడవ చక్రముతో తగిలించినను అది మోటారు సైకిలే యగునని చట్టము స్పష్టముగా వ్రాసినది. కావున మూడు చక్రములున్నవన్నియు ఒక్కటి కావు: తొట్టి తగిలించిన మోటారు సైకిలు నడుపువానికి శిరస్త్రాణము తప్పదు, కప్పు గల ఆటో నడుపువానికి అక్కఱలేదు. వికలాంగుల సౌకర్యమునకై ప్రక్క చక్రములు అమర్చిన స్కూటర్లను 2019 సవరణ వేఱొక తరగతిగా ఎంచినది. వానిపై పోవువారును శిరస్త్రాణము ధరించుటయే మేలు. తల రాతికి తగులునప్పుడు బండి తరగతిని రాయి అడుగదు. అదే సవరణ, మోటారు సైకిలుపై పోవు నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని శిరస్త్రాణమును విధించి, తప్పినవారికి వేయి రూపాయల జుల్మానాయు మూడు నెలలు లైసెన్సు రద్దును నిర్ణయించినది. పొలిమేర కీవలనైనను ఆవలనైనను ఈ విధి యొక్కటే. కోర్టుకు పోక అక్కడికక్కడే కట్టు రుసుమును మాత్రము రాష్ట్రములు వేర్వేరుగా నిర్ణయించుకొనవచ్చును.

తమ్ముడు రుసుము కట్టెను. యాత్రికులు దిగి, బళ్ళారి జిల్లా గుర్తైన కె.ఏ. 34 సంఖ్య గల ఆటోలకై చెట్టు నీడన నిలుచుండిరి. అధికారి రైతునకు జుల్మానా చీటి వ్రాసియిచ్చి, "జాతరలకు తాత్కాలిక పర్మిటు అని ఒకటి ఉంది. మీ ఆఫీసులో అర్జీ పెట్టుకో. మా వాళ్ళ సమ్మతి తెచ్చుకుని, ఇక్కడి పన్ను కడితే నిన్నెవరూ ఆపరు" అని చెప్పెను.

"ఎంత కట్టాల సామీ?" అని రైతు అడిగి, చీటి వెనుక ఆ లెక్క వ్రాయించుకొని, ఖాళీ బండిని ఉరవకొండ వైపు త్రిప్పెను.