పాము నల్లి – జీవితచక్రము, నివారణ

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి పాము కొత్త జంతువు కాదు. వరిగట్లపై జెర్రిపోతు, కాలువ నీటిలో నీరుకట్టె, గడ్డివాము చెంత నాగుపాము, గోడ పగుళ్లలో కట్లపాము మనకు చిరపరిచితములు. కార్తిక శుద్ధ చవితినాడు పుట్టలో పాలు పోయు ఆచారము ఇచ్చటి పల్లెలన్నిటను కలదు. సర్పశాస్త్రమునకు మన భాష చేసిన ఉపకారమును స్వల్పము కాదు. పద్దెనిమిదవ శతాబ్ది చివర విశాఖపట్నమున నివసించిన ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో వెలువడిన తన గ్రంథమున వాటి తెలుగు పేర్లనే పెక్కింటిని నమోదు చేసెను. కట్లపాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు నేటికిని వాడుచున్న 'బంగారస్' అను నామము మన 'బంగారు' శబ్దము నుండి పుట్టినదే.

ఇంతగా ఎరిగిన పామును కర్రయే కాక, ఆవగింజలో సగమైనను లేని ఒక నల్లి కూడ చంపగలదని ఎరిగినవారు అరుదు. జంతుశాస్త్ర విద్యార్థులకు ఆ నల్లిని పరిచయము చేసి, దానిని వదిలించు మార్గమును తెలుపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. మంచపు నల్లి ఆరు కాళ్ల కీటకము. పాము నల్లి అట్టిది కాదు. అది ఎనిమిది కాళ్లతో సాలెపురుగు వర్గమునకు చెందినది. మన రైతులు వరి కంకినల్లి అనునది ఈ వర్గపు జీవినే. దీని శాస్త్రీయ నామము ఒఫియోనిస్సస్ నాట్రిసిస్. అడవిలోని జెర్రిపోతుల పొలుసుల నడుమ కనిపించు పిడుదు దీనికి బంధువే గాని వేరొక జీవి. పశువులకు పట్టు గోమారి ఆ జాతిదే. ఉర్దూ విభాగపు మిత్రులు దానిని చిచ్‌డీ అందురు. పిడుదు కంటికి స్పష్టముగ కనిపించును. పట్టకారుతో నిదానముగ లాగి తీయవచ్చును. నల్లి విషయమున ఆ ఉపాయము పనికిరాదు. ఆహారము లేని ఆడనల్లి పొడవు సుమారు 0.6 మిల్లీమీటరు, రక్తము త్రాగి ఉబ్బినప్పుడు 1.3 మిల్లీమీటరు వరకు పెరిగి నల్లపూస వలె కనిపించును.

దీని జీవితచక్రమును శ్రద్ధగా గ్రహింపవలెను. చికిత్స అంతయు దానిమీదనే ఆధారపడియున్నది. అమెరికాకు చెందిన జోసెఫ్ కామిన్ 1953లో దీనిని సమగ్రముగ వివరించెను. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్లకు ఆరు కాళ్లే ఉండును. అది ఏమియు తినదు. ఒకటి రెండు దినములలో కుబుసము విడిచి ఎనిమిది కాళ్లు పొంది, పామును వెదకికొని ఎక్కి రక్తము పీల్చును. కడుపు నిండిన పిమ్మట దిగిపోవును. తరువాతి దశలో మరల ఆహారము లేదు. ఆ దశను దాటి పెద్దదైన పిదప మరల పామునెక్కును, త్రాగును, మరల దిగి పెట్టె మూలలలో, చెక్క పగుళ్లలో చేరి గ్రుడ్లు పెట్టును. ఒక్క ఆడనల్లి తన జీవితమున 60 నుండి 80 వరకు గ్రుడ్లు పెట్టగలదు. 25 నుండి 30 డిగ్రీల వెచ్చదనములో చక్రమంతయు 13 మొదలు 19 దినములలో ముగియును. గ్రుడ్లకు గాలిలో తేమ అవసరము; పొడిగాలిలో అవి ఎండిపోవును. వెచ్చదనము, తేమ రెండును కోరు ఈ జీవికి మన డెల్టా వర్షాకాలము కంటె అనుకూలమైన కాలము వేరొకటి లేదని పాఠకులు గ్రహించియుందురు.

ఐదు దశలలో పాముపై ఆహారము కొరకు చేరునవి రెండే. గ్రుడ్లు ఎన్నడును పాము మీద ఉండవు. కనుక మనము పాముపై చూచునది శత్రుసైన్యములో కొంత భాగమే. తక్కినది పెట్టెలో దాగియుండును. స్వేచ్ఛగా తిరుగు పాము నేడొక గట్టున, రేపొక పొదలో ఉండును. అది విడిచిపోయిన చోట పొదిగిన పిల్లలు ఆకలితో చచ్చును. బంధించిన పాము ప్రతి రాత్రియు తన నల్లుల నడుమనే పండుకొనును. పాములవాడు మూతపెట్టి గుడ్డ చుట్టిన వెదురుబుట్ట ఇందుకు చక్కని ఉదాహరణము: చీకటి, చెమ్మ, లెక్కలేనన్ని సందులు. ఆ బుట్టలోని నాగుపాము నీరసమునకు కోరలు పీకుట, ఆకలి మొదలగు క్రూరకారణములు ఉండనే ఉన్నవి. నల్లి కూడ ఆ జాబితాలో చేరదగినదని మా అభిప్రాయము.

నల్లి పట్టిన పాము రేయింబవళ్లు నీటితొట్టిలో పడియుండును, తల రాయుచుండును, కుబుసము ముక్కలుగ ఊడును. తొట్టి అడుగున నల్లని నలుసులు తేలిన అనుమానము తీరినట్లే. తెల్లని గుడ్డతో పామును తుడిచి చూచుట మరియొక పరీక్ష. కంటి అంచులు, గవద క్రింది ముడత, పొలుసుల సందులు వాటి ముఖ్య స్థావరములు. రక్తహీనత ఒక అపాయము. అంతకంటె ఘోరమైనది ఏరోమోనాస్ అను సూక్ష్మజీవి. నల్లి దీనిని ఒక పాము నుండి మరియొక పామునకు మోయగలదని కామిన్ 1948లోనే ప్రకటించెను. అది రక్తమును విషమయము చేసిన యెడల పాము దక్కుట కష్టము. ఈ నల్లి మనుష్యులను కూడ కుట్టును. దురదతో ఎర్రని పొక్కులు లేచును.

చికిత్సకు పూర్వము చట్టము తెలియవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశపు పాములను పట్టి పెంచుట నేరము. ఇంటికి వచ్చిన పామును గూర్చి అటవీశాఖకు తెలుపవలెనే గాని సీసాలోనో పెట్టెలోనో దాచరాదు. కావున క్రింది విధానము జంతుప్రదర్శనశాలలకు, అటవీశాఖ సంరక్షణలోని పాములకు, బాల్ పైథాన్ వంటి విదేశీ పాములను నమోదు చేయించి పెంచువారికి వర్తించును. విషసర్పమును శిక్షణ పొందినవారే ముట్టవలెను.

మొదట పామును వేరొక శుభ్రమైన పెట్టెలోనికి మార్చి, పాత పెట్టెను పట్టవలెను. అందలి ఆకులు, పొట్టు, చెక్కబెరడు సమస్తము సంచిలో బిగించి తగులబెట్టవలెను. మరుగునీటితో మూలమూలలు కడిగి, సందులను గట్టి కుంచెతో రుద్ది, ఎండలో ఆరనీయవలెను. రోహిణీకార్తె ఎండ ఇచ్చట ఖర్చులేని ఔషధము, అయితే ఆ ఎండ పెట్టెకే, పామునకు కాదు. 50 డిగ్రీలు దాటిన వేడికి నల్లి నిలువలేదు. తిరిగి పరచుటకు వార్తాపత్రిక కాగితమును మించినది లేదు. తెల్లని కాగితమైన నల్లి కదలిక వెంటనే తెలియును. ప్రతిదినము తీసి పారవేయవచ్చును. చెక్క పెట్టె పగుళ్లు విచ్చినదైన దానిని వదలుకొనుటయే మేలు.

పిదప పామును గోరువెచ్చని నీటిలో, తల పైకి ఉండునట్లు, అర్ధగంట సేపు కనిపెట్టి ఉంచవలెను. చాల నల్లులు మునిగి చచ్చును. కొన్ని తలపైకి ప్రాకును. వాటిని తడిగుడ్డతో తుడువవలెను.

మందుల విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. చేనికి చల్లు మందును పాముపై చల్లుట దానిని చంపుటతో సమానము. ఒకప్పుడు పాముల పెట్టెలలో డైక్లోర్వాస్ పట్టీలు వ్రేలాడదీసెడివారు. నువాన్ పేరిట మన రైతులెరిగిన మందు అదియే. మన దేశమున అది 2020 డిసెంబరు 31తో నిషిద్ధమైనది. కిరోసిన్ పూయుట శుద్ధ అవివేకము. పశువైద్యుడు పాము బరువును తూచి ఐవర్‌మెక్టిన్ ఇచ్చుట కలదు. రెండు వారములకు మరల ఇచ్చును. ఈ ఔషధమును కనుగొన్న క్యాంప్‌బెల్, ఒమూరా 2015లో నోబెల్ బహుమానము పొందిరి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బృందము ఫైలేరియాకు సాధించిన డైఇథైల్‌కార్బమజైన్ వలెనే ఇదియు నేడు బోదకాలు నిర్మూలనమునకు వాడబడుచున్నది. కాని పామునకు మేలుచేయు ఈ మందు తాబేలునకు మరణము. పాములు, తాబేళ్లు ఒకే గదిలో ఉన్నచోట ఈ సంగతి గోడమీద వ్రాసియుంచవలెను. కుక్కలకు వాడు ఫిప్రోనిల్ ద్రావణమును గుడ్డపై చల్లి, ఆ గుడ్డతో పామును తుడుచుట మరియొక పద్ధతి. అదియు వైద్యుని సలహాపైననే.

ఒకసారి శుభ్రపరచి పని ముగిసినదనుకొనరాదు. పెద్ద నల్లి సుమారు 40 దినముల వరకు జీవింపగలదు. కనుక వారమునకొకసారి పెట్టెను మరల కడుగుచు, తెల్లగుడ్డ పరీక్ష చేయుచు ఆరువారములైనను గడపవలెను. ఆ మధ్య ఒక్క నల్లి కనిపించినను లెక్క మొదటినుండి ప్రారంభించవలెను.

కొత్తగా వచ్చిన పామును కూడ అంతకాలము వేరొక గదిలో ఉంచవలెను. దాని నీటితొట్టి, పట్టకారు, తుడుపుగుడ్డ వేరుగా ఉండవలెను. పరిచారకుడు ఆరోగ్యముగానున్న పాముల పని ముగించుకొని, దానివద్దకు చివరనే పోవలెను. పిదప చేతులు కడిగి, బట్టలు మార్చుకొనినగాని మరల తక్కిన పాముల గదిలో అడుగు పెట్టరాదు.