డన్‌బార్ తీరంలో పొలం మన్ను

స్కాట్లండ్ తూర్పు తీరంలో డన్‌బార్ చిన్న రేవు పట్టణం. ఎడింబరో నుండి రైల్లో సుమారు అరగంట. రేవు పక్కన కూలిన కోట, దాని గోడల్లో గూళ్ళు కట్టే సముద్రపు పక్షులు, ప్రకృతి ప్రేమికుడు జాన్ మ్యూర్ 1838లో పుట్టిన ఇల్లు చూడదగ్గవి. బసకు గెస్ట్ హౌస్‌లున్నాయి. ఇంతవరకూ టూరిస్టు పుస్తకాల సంగతి.

నేనింకా వెళ్ళలేదు. వెళ్తే మాత్రం రాత్రి అక్కడ బసచేసి, తెల్లారగానే తీరం వెంబడి ఆగ్నేయంగా ఉన్న సికార్ పాయింట్‌కు పోతాను. దిగే గడ్డివాలు బాగా నిటారు, గట్టి బూట్లు కావాలి.

జేమ్స్ హటన్ వైద్యం చదివి, ఆ దగ్గర్లోనే వ్యవసాయం చేశాడు. వాన తన పొలం మన్నును కడిగి సముద్రానికి మోసుకుపోవడం గమనించాడు. మా నాన్నా ఏటా అదే చూస్తాడు. వానను తిట్టుకుంటూ తెగిన గట్టు మళ్ళీ వేస్తాడు. ఇలా పోతూనే ఉంటే భూమి ఇంకా ఎలా మిగిలిందన్నది హటన్ ప్రశ్న. పోయిన మన్నే సముద్రం అడుగున రాయిగా మారి, మళ్ళీ పైకి లేస్తుందన్నాడు.

1788లో ఇద్దరు మిత్రులతో పడవలో వెళ్ళి సికార్ పాయింట్‌లో ఋజువు చూశాడు. కింద నిట్టనిలువుగా నిలబడ్డ బూడిదరంగు రాతిపొరలు, సుమారు 43.5 కోట్ల ఏళ్ళవి. వాటిమీద కాస్త వాలుగా ఎర్ర ఇసుకరాయి, సుమారు 37 కోట్ల ఏళ్ళది. రెంటి మధ్యా 6.5 కోట్ల ఏళ్ళ ఖాళీ!

సెలవుల్లో ఇదంతా నాన్నకు చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే మన మన్ను తిరిగొచ్చేదాకా గట్టు వెయ్యక్కర్లేదంటావా?" అని పార అందుకున్నాడు.